డిప్ప దొరికింది సరే, ఏ తాబేలు?

చిత్తూరు చుట్టుపక్కల బండల మీద ఎండకీ వానకీ బీటలు పడి గళ్ళు తేలుతుంటాయి. ఐదు మూలలవి కొన్ని, ఆరు మూలలవి కొన్ని. బండ గుండ్రంగా ఉండి దాని మీద అలాంటి గళ్ళు పడితే అచ్చం తాబేటి డిప్పే. దాన్ని ఫోటో తీసి, రాయైపోయిన తాబేలని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు ఏడాదికి ఒకరైనా ఉంటారు. ఆ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పైనా కిందా పూర్తి డిప్ప ఉన్న తాబేలు పుట్టి 22 కోట్ల ఏళ్ళు కూడా నిండలేదు.

తిరుమల కొండెక్కినా ఇదే కథ. శిలాతోరణం ఉన్న క్వార్ట్జైట్ పొరలు 160 కోట్ల ఏళ్ళకి పైబడినవి. ఆ పొరలు పాత గ్రానైట్ మీద కూర్చున్న చోటు ఘాట్ రోడ్డు పక్కనే కనిపిస్తుంది. భారత భూవిజ్ఞాన సర్వే (జీఎస్ఐ) వాళ్ళు దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించి బోర్డు కూడా పెట్టారు. ఆ రాళ్ళు పేరుకున్న రోజుల్లో భూమ్మీద ఎముక అన్నదే లేదు. కాబట్టి శేషాచలంలో తాబేటి శిలాజం కోసం వెతకడం దండగ.

అసలు శిలాజం దొరికే చోటికి పోయినా పని అక్కడితో అయిపోదు. తాబేటిలో అన్నిటికన్నా బాగా మిగిలేది డిప్ప, దాని జాతి చెప్పడానికి అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేదీ డిప్పే. అంతరించిన తాబేళ్ళ వర్గీకరణ వందేళ్ళకి పైగా తిరగబడుతూ వచ్చిందంటే సగం కారణం ఇదే. దొరికిన ముక్కలో ఎక్కడ చూడాలో తెలిస్తే ఆ గొడవంతా అర్థమవుతుంది. అందుకని ముందు డిప్ప సంగతి.

మన మెట్ట పొలాల్లో, మామిడి తోటల కంచెల్లో తిరిగే నక్షత్ర తాబేలునే తీసుకుందాం. పైకి కనిపించే పసుపు చారల పెచ్చులు గోరు లాంటి పదార్థం. నడుమ వరసలో 5, దానికి అటూ ఇటూ 4 చొప్పున, చుట్టూ అంచున చిన్నవి. వాటి కింద ఎముక పలకల పొర వేరేగా ఉంటుంది. మెడ దగ్గర 1 మెడపలక, వెన్ను పొడుగునా మామూలుగా 8 వెన్నుపలకలు, అటూ ఇటూ 8 జతల పక్కపలకలు, చుట్టూ 11 జతల అంచుపలకలు, తోక వైపు రెండో మూడో. అంతా కలిపి 50 దాకా. కింది డిప్పలో 9: నడిమిది ఒకటి, జతలు నాలుగు. పెచ్చుల అతుకులూ ఎముకల అతుకులూ ఒకదాని మీద ఒకటి రావు. ఇటుక గోడ కట్టే మేస్త్రీ కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడనివ్వడు చూడండి, అదే లెక్క. డిప్ప గట్టిదనంలో సగం రహస్యం అక్కడే ఉంది.

చనిపోయిన జంతువు పెచ్చులు కుళ్ళి ఊడిపోతాయి, రాయైనా అవి మిగలడం చాలా అరుదు. కానీ పెచ్చు అంచు కూర్చున్న చోట ఎముక మీద సన్నటి గాడి మిగులుతుంది. అంటే శిలాజం మీద రెండు రకాల గీతలుంటాయి. కొత్తవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. ఎముకల అతుకు రంపపు పళ్ళలా వంకర్లు తిరుగుతుంది, ముక్కని తిరగేస్తే లోపలి వైపు కూడా కనిపిస్తుంది. పెచ్చు గాడి నున్నగా సాగుతుంది, బయటి వైపే ఉంటుంది. మూడోది రాయి పగులు: అది దేన్నీ లెక్కచేయకుండా రెండిటినీ అడ్డంగా కోసుకుపోతుంది. ముక్క తిరగేసి చూడకుండా గీతలు లెక్కపెట్టి రాసిన బొమ్మ ఏదైనా సరే, నేను నమ్మను.

ఈ పలకలు ఎక్కడినుంచి వచ్చాయి? పక్కపలక అంటే పక్కటెముకే. దాని చుట్టూ ఎముక రేకులా పెరిగి పక్కదానితో అతుక్కుంది. పక్కపలకని తిరగేస్తే లోపల పక్కటెముక గుబ్బలా తేలి కనిపిస్తుంది, వెన్ను వైపు దాని తల బయటికి పొడుచుకుని ఉంటుంది. ఇది తాబేలుకి పక్కా గుర్తు. హెనోడస్ లాంటి ప్లాకోడాంట్‌లకీ (అంతరించిన నీటి సరీసృపాలు) డిప్ప ఉండేది, దూరం నుంచి చూస్తే తాబేలే అనుకుంటాం. కానీ ఆ డిప్ప విడిగా చర్మంలో పుట్టిన వందల చిన్న బిళ్ళల కూర్పు. పక్కటెముక దాని కింద వేరుగా ఉండిపోతుంది. కింది డిప్పలో ముందు మూడు ఎముకలు ఒకప్పటి జత్రుకలూ వాటి నడిమి ఎముకా. మిగతావి పాత సరీసృపాలకి పొట్టలో ఉండే సన్నటి ఎముకలు కలిసిపోగా వచ్చినవి.

ఇంకో వింత, తాబేటి భుజపు ఎముక పక్కటెముకల గూడు లోపల ఉంటుంది. మనకీ మేకకీ కోడికీ అది బయట. పిండం పెరిగేటప్పుడు వీపు అంచున ఒక గట్టు లేచి, పక్కటెముకలు కిందికి వంగకుండా ఆ గట్టు వైపు పక్కకి పరుచుకుంటాయి. ఒళ్ళు అక్కడ మడత పడి భుజం లోపలికి పోతుంది. జపాన్‌లో కురతాని బృందం 2009లో ఈ మడతని పిండాల్లో చూపించింది.

ఇదంతా ఒక్కసారిగా రాలేదు, వాయిదాల్లో వచ్చింది. దక్షిణాఫ్రికా కారూలో దొరికిన యూనోటోసారస్ వయసు 26 కోట్ల ఏళ్ళు. సీలీ దానికి 1892లో పేరు పెట్టాడు. డిప్ప లేదు. తొమ్మిది జతల పక్కటెముకలు మాత్రం చెక్క గరిటెల్లా వెడల్పై ఒకదాన్నొకటి తాకుతున్నట్టుంటాయి. పక్కటెముకలు అలా బిగుసుకుంటే ఊపిరి తీసుకోవడం కష్టం, నడకా మందగిస్తుంది. మరి లాభమేమిటి? 2016లో టైలర్ లైసన్ బృందం చెప్పింది నాకు సబబుగా తోస్తుంది: మట్టి తవ్వే జంతువుకి ఒళ్ళు కదలకుండా నిలబడాలి, ముందు కాళ్ళకి బలమైన ఊత కావాలి. వెడల్పు పక్కటెముక ముందు ఆ పనికి వచ్చింది, కవచంగా వాడుకోవడం తర్వాతి మాట.

జర్మనీ వెల్‌బెర్గ్‌లో దొరికిన పాప్పోకెలిస్ 24 కోట్ల ఏళ్ళ నాటిది, 2015లో ప్రకటించారు. జానెడు జంతువు. పొట్ట ఎముకలు అక్కడక్కడ కలవడం మొదలైంది. దాని పుర్రెలో కంటి వెనక రెండు కంతలున్నాయి. ఇప్పటి తాబేటి పుర్రెకి అక్కడ కంత ఉండదు. ఆ ఒక్క కారణంతోనే దశాబ్దాల పాటు తాబేళ్ళని పారియాసార్‌లు, ప్రోకోలోఫోనిడ్‌లు లాంటి పాతకాలపు సరీసృపాల పక్కన పెట్టారు. 2012, 2013లో వచ్చిన జన్యువుల పోలికలు మాత్రం మొసలికీ పక్షికీ దగ్గరి చుట్టమని తేల్చాయి. పాప్పోకెలిస్ రెండు కంతలు ఆ లెక్కకి సాక్ష్యం పలికాయి. 2015లోనే స్కాన్ చేసి చూస్తే పిల్ల యూనోటోసారస్ పుర్రెలోనూ పై కంత బయటపడింది. అంటే కంతలు మొదటినుంచీ లేకపోవడం కాదు, తర్వాత పూడిపోయాయి.

చైనా గ్వీజౌలో రెండు దొరికాయి. 2008లో ప్రకటించిన ఓడోంటోకెలిస్‌ది 22 కోట్ల ఏళ్ళు: కింది డిప్ప పూర్తిగా ఉంది, పైన వెన్నుపలకలూ వెడల్పు పక్కటెముకలే, నోట్లో పైనా కిందా పళ్ళు. 2018లో ప్రకటించిన ఇయోరింకోకెలిస్ దానికన్నా కొంచెం పాతది, రెండున్నర మీటర్ల పొడవు. డిప్పే లేదు, కానీ మూతి ముందు భాగంలో పక్షికున్నట్టు ముక్కుంది! ఒకదానికి డిప్ప వచ్చింది, ముక్కు రాలేదు. ఇంకోదానికి ముక్కు వచ్చింది, డిప్ప రాలేదు. అందుకే వీటిని పూసల్లా వరసగా గుచ్చి, దీని కొడుకు అది, దాని మనవడు ఇది అనడం కుదరదు. పోస్టర్లలో అలాగే వేస్తారు, పిల్లలు అలాగే నేర్చుకుంటారు. ఓడోంటోకెలిస్ పై డిప్ప ఇంకా రానిది కాదు, వచ్చి నీళ్ళలో బతుకు వల్ల పలచబడిందని అప్పుడే వాదించినవాళ్ళూ ఉన్నారు.

జర్మనీలోని ప్రోగానోకెలిస్ దగ్గరికి వచ్చేసరికి, అంటే 21 కోట్ల ఏళ్ళ నాటికి, పైనా కిందా డిప్ప పూర్తయింది. దవడ అంచున పళ్ళు పోయాయి, అంగిట్లో మాత్రం మిగిలాయి. మెడ లోపలికి పోదు, దాని మీద ముళ్ళ ఎముకలు, తోక చివర గద. బావుర్ 1887లో పేరు పెట్టాడు. యేకెల్ తర్వాత మంచి అస్థిపంజరాలు చూసి 1918లో ట్రయాసోకెలిస్ అన్నాడు. రెండూ ఒకటేనని తేలాక ముందు పెట్టిన పేరే నిలిచింది. పాత పుస్తకాల్లో ట్రయాసోకెలిస్ కనబడితే అది వేరే జంతువని కంగారు పడొద్దు.

ఇక వర్గీకరణ. మాటలు అర్థం కావాలంటే మామిడి చెట్టు చూడండి. ఇప్పుడు కాయలున్న కొమ్మలన్నీ కిందికి పోతే ఎక్కడో ఒక చీలిక దగ్గర కలుస్తాయి. ఆ చీలికా, దాని పైనున్నదంతా పుస్తకాల్లో క్రౌన్. చీలిక కింద మానులోంచి పుట్టి, కొంత పెరిగి ఎండిపోయిన రెమ్మలు స్టెమ్. వీటిని కొమ్మ తాబేళ్ళు, మాను తాబేళ్ళు అనుకుంటే చాలు. పైన యూనోటోసారస్ నుంచి ప్రోగానోకెలిస్ దాకా చెప్పినవన్నీ మాను తాబేళ్ళే.

ఇప్పుడు బతికున్న 360 చిల్లర జాతులు ఆ చీలిక దగ్గర రెండు కొమ్మలవుతాయి. మెడని నిలువునా మడిచి తల లోపలికి లాక్కునేవి క్రిప్టోడైర్‌లు. మన నక్షత్ర తాబేలూ చెరువు తాబేలూ సముద్ర తాబేలూ అన్నీ ఇవే, అయితే సముద్రపువి తల దాచలేవు. మెడని పక్కకి తిప్పి డిప్ప అంచు కింద పెట్టుకునేవి ప్లూరోడైర్‌లు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా వైపు ఉన్నాయి, భారతదేశంలో ఒక్కటీ లేదు. ఇంకో తేడా ఎముకల్లో ఉంది. ప్లూరోడైర్‌లకి కటి ఎముక పై డిప్పకీ కింది డిప్పకీ అతుక్కుపోయి ఉంటుంది, క్రిప్టోడైర్‌లకి విడిగా కదులుతుంది.

గొడవంతా ఈ కటి ఎముక దగ్గరే వచ్చింది. జర్మనీలోని ప్రోటెరోకెర్సిస్ ప్రోగానోకెలిస్ కాలం చుట్టుపక్కలదే, ఫ్రాస్ 1913లో పేరు పెట్టాడు. దాని కటి డిప్పకి అతుక్కునే ఉంది. పుర్రె దొరకలేదు. కటి అతికింది కాబట్టి ప్లూరోడైర్ అన్నారు. అలా అనగానే రెండు కొమ్మల చీలిక 21 కోట్ల ఏళ్ళకి ముందే జరిగిపోయిందని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎన్నో లెక్కలు ఆ ఒక్క ఎముక మీద నిలబడ్డాయి. తర్వాత మిగతా లక్షణాలన్నీ కలిపి చూస్తే ప్రోటెరోకెర్సిస్ మాను మీదికే దిగింది. కటి అతకడం ఒకే వంశానికి రాసిచ్చిన ఆస్తి కాదు. ఇప్పుడు కొమ్మ తాబేళ్ళలో అనుమానం లేని పాత శిలాజాలు 16 కోట్ల ఏళ్ళ చుట్టూ ఉన్నాయి.

అంతకు ముందు ఇంకో పాపం ఉంది. లైడెకర్ 1889లో ఆంఫికెలిడియా అని ఒక గంప పెట్టాడు. ఈయన కలకత్తా జీఎస్ఐలో పనిచేసి హిమాలయాల దిగువ శివాలిక్ కొండల తాబేళ్ళ మీద రాసినాయనే. ఇటూ చెందని అటూ చెందని పాత తాబేళ్ళన్నిటినీ ఆ గంపలో వేసేశారు. ఎనభై ఏళ్ళకి పైగా అది వర్గమనే చెలామణీ అయింది. 1975లో యూజీన్ గాఫ్నీ గంప బోర్లించి ఏరాడు. ఆయన పట్టుకున్న ఆధారం చిన్నది, కానీ బలమైంది. కింది దవడని పైకి లాగే కండ పుర్రె వెనక నుంచి వస్తుంది. దారిలో చెవి గది అడ్డం. అందుకని ఒక ఎముక బుడిపె మీదుగా, బావి గిలక మీద చేంతాడు తిరిగినట్టు, తిరిగి కిందికి దిగుతుంది. క్రిప్టోడైర్‌లలో ఆ గిలక చెవి గది మీదే ఉంటుంది. ప్లూరోడైర్‌లలో అంగిలి పక్క ఎముకకి ఉంటుంది. పుర్రె దొరికితే నేరుగా అక్కడికి పోయి చూడాలి. డిప్ప మీద పది గుర్తుల కన్నా ఈ గిలక ఒక్కటే ఎక్కువ చెబుతుంది.

గిలక కూడా తప్పుదారి పట్టించింది ఒకసారి. అరిజోనాలో దొరికిన తొలి జురాసిక్ కాయెంటాకెలిస్‌కి చెవి గది మీద గిలక ఉందని 1987లో దాన్ని అతి పాత క్రిప్టోడైర్ అన్నారు. 2007లో స్టెర్లీ, జాయిస్ మళ్ళీ పరిశీలించి మాను తాబేలే అన్నారు. మన ఇండోకెలిస్ కూడా ఇదే బండిలో ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా పొరల్లో దొరికి 2000లో ప్రకటించిన తాబేలది, భారతదేశపు మొదటి జురాసిక్ తాబేలు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం చూసే ఉంటారు, అదీ ఆ కోటా పొరల్లోదే. ఇండోకెలిస్‌ని మొదట కాయెంటాకెలిస్ చుట్టంగా క్రిప్టోడైర్‌లలో పెట్టారు. కాయెంటాకెలిస్ మాను మీదికి దిగినప్పుడు దీన్నీ వెంట దింపాల్సి వచ్చింది. పాత వ్యాసాల్లో క్రిప్టోడైర్ అని రాసుంటే రాసినవాళ్ళ తప్పు కాదు, చెట్టు గీసే పద్ధతి మారింది.

మాను తాబేళ్ళలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి కొమ్ముల తాబేళ్ళు, మియోలానిడ్‌లు. ఆస్ట్రేలియాకి తూర్పున లార్డ్ హౌ దీవిలో వాటి ఎముకలు దొరికితే 1886లో రిచర్డ్ ఓవెన్ బల్లి అనుకున్నాడు. అప్పటికే ఆస్ట్రేలియా పెద్ద బల్లికి మెగలానియా, అంటే పెద్ద దిమ్మరి, అని పేరుంది కాబట్టి దీన్ని మియోలానియా, చిన్న దిమ్మరి, అన్నాడు. మరుసటి ఏడే హక్స్‌లీ అది తాబేలని తేల్చాడు. పేరు మాత్రం మారదు, అదే నియమం. ఎద్దుకున్నట్టు పక్కకి తిరిగిన కొమ్ములు, తోకకి ఎముక ఉంగరాల తొడుగు, చివర గద. కొమ్ములతో తల లోపలికి పోదు. వీటిని గాఫ్నీ క్రిప్టోడైర్‌లన్నాడు, స్టెర్లీ బృందం మాను మీద పెట్టింది. ఇందులో తేడా ఏమిటంటే, వనువాటులో ఈ వంశపు జంతువు మూడు వేల ఏళ్ళ కింద దాకా బతికే ఉంది. అక్కడికి చేరిన మనుషులు వాటిని తిన్న గుర్తులు ఎముకల గుట్టల్లో ఉన్నాయి. స్టెర్లీ మాట నిజమైతే, పూర్తి డిప్పతో 21 కోట్ల ఏళ్ళ కింద మొదలైన మాను రెమ్మల్లో ఒకటి ఎండిపోయింది నిన్న మొన్ననే, అదీ మనిషి చేతిలో.

ప్లూరోడైర్‌లు భారతదేశంలో లేవన్నాను, ఇప్పుడు లేవు. చిత్తూరు నుంచి దక్షిణంగా వేలూరు, తిరువణ్ణామలై దాటి అరియలూరు జిల్లాకి పోతే కల్లమేడు పొరలున్నాయి, డైనోసార్ల చివరి రోజులవి. అక్కడ దొరికిన తాబేలుకి గాఫ్నీ, చటర్జీ, రుద్ర 2001లో కూర్మడెమిస్ కల్లమేడెన్సిస్ అని పేరు పెట్టారు. మన కూర్మావతారమే ఆ పేరులో ఉంది. ఇది బోత్రెమిడిడ్ అనే అంతరించిన ప్లూరోడైర్ కుటుంబానిది. దీని చుట్టం శంకుచెమిస్ ముంబై దగ్గర లావా పొరల మధ్య దొరికింది. ఇంకో చుట్టం కింకోనికెలిస్ మడగాస్కర్‌లో. ఒకప్పుడు భారతదేశం, మడగాస్కర్ కలిసి ఉండేవి కదా, ఈ మూడూ ఒకే చిన్న గుంపుగా రావడంలో ఆశ్చర్యం లేదు. బోత్రెమిడిడ్‌లు యూరప్, ఆఫ్రికా, ఉత్తర అమెరికా దాకా పాకాయి, కొన్ని ఉప్పునీటి దరుల్లో తిరిగాయి. వాటి పక్కనున్న పోడోక్నెమిడిడ్ కుటుంబంలోదే స్టుపెండెమిస్, వెనిజులాది. 1976లో పేరు పెట్టారు, 2020లో ప్రకటించిన పై డిప్ప 2.4 మీటర్లు. మగవాటికి డిప్ప ముందు అంచున మెడకి అటూ ఇటూ కొమ్ములు! పేరుకి తగ్గట్టే ఉంది.

క్రిప్టోడైర్‌ల వైపు, దాని అంచున ఎండిపోయినవి చాలా ఉన్నాయి, కొన్నిటితో సరిపెడతాను. ఉత్తర అమెరికా నదుల్లో బేనిడ్‌లు డైనోసార్లు పోయాక కూడా ఇయోసీన్ అనే కాలం దాకా లాగాయి. హెలోకెలిడ్రిడ్‌లని చిన్న ముక్కతోనే పట్టొచ్చు: డిప్ప పైన సన్నటి గుండ్రటి బుడిపెలు, గోటితో గీరితే ఊడేలా ఉంటాయి. నాన్‌షియుంగ్‌కెలిడ్‌లు మెట్ట తాబేళ్ళలా ఏనుగు కాళ్ళతో ఉండేవి, కానీ వాటి దగ్గరి చుట్టాలు మెత్తడిప్ప తాబేళ్ళు. మన చెరువుల్లో తూము దగ్గర బురదలో తల బయటపెట్టేది అలాంటి మెత్తడిప్పదే. దానికి పెచ్చులు లేవు, చర్మమే. అందువల్ల ఎముక మీద పెచ్చు గాడి ఒక్కటీ ఉండదు, బదులుగా నూకలు చల్లినట్టు గరుకు. మిగతా మెత్తడిప్పల్లో అది చిన్న చిన్న గుంటలుగా ఉంటుంది. గాడి లేని గరుకు ముక్క చేతికి వస్తే మొదట ఇటే అనుమానించాలి.

సముద్రంలోకి దిగినవి అన్నిటికన్నా ఎక్కువ తికమక. దక్షిణ డకోటాలో దొరికిన ఆర్కెలాన్ (వీలాండ్, 1896) తల నుంచి తోక దాకా సుమారు 4.6 మీటర్లు, పై డిప్ప పక్కటెముకల చట్రంగా మిగిలింది. యేల్ మ్యూజియంలోని దాని కుడి వెనక తెడ్డు సగం లేదు. బతికుండగానే ఏదో కొరికేసిందని వీలాండ్ అన్నాడు. ఇది ప్రోటోస్టెగిడ్‌ల కుటుంబం. కొలంబియాలో దొరికి 2015లో ప్రకటించిన డెస్మాటోకెలిస్ పాడిల్లై 12 కోట్ల ఏళ్ళ నాటిది, అదీ ఈ కుటుంబమే. ఇప్పటి తోలు తాబేలుకి ఇవి పూర్వీకుల వైపు చుట్టాలని కొందరు, విడిగా సముద్రంలోకి దిగి విడిగా పోయాయని కొందరు. తెడ్డు కాళ్ళు, పలచటి డిప్ప, ఉప్పు వదిలే గ్రంథి, ఈ మూడూ సముద్రంలో బతకాలంటే ఎవరికైనా కావాల్సినవే. వేరువేరు వంశాలు వేరువేరుగా తెచ్చుకోగలవు. కాబట్టి ఈ మూడూ చూపించి చుట్టరికం కలిపితే ఒప్పుకోకూడదు. పులికాట్ బయటి ఇసుక తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లేకీ తెడ్లున్నాయి, ఆర్కెలాన్‌కీ ఉన్నాయి. అంతమాత్రాన ఒకటి ఇంకోదానికి తాత అయిపోదు.

శివాలిక్ మెగలోకెలిస్ గురించి ఒక్క మాట. ఫాల్కనర్, కాట్లీ 1830ల నుంచి తవ్వి తీసిన పెద్ద మెట్ట తాబేలు. మొదట డిప్పని మరీ పెద్దది చేసి చెప్పారు, ఇప్పటి అంచనా రెండు మీటర్ల దరిదాపు. ఫాల్కనర్ దాన్ని కూర్మావతారానికీ భూమిని మోసే తాబేలు కథకీ ముడిపెట్టాడు. ఆ కథ అల్లుకోవడానికి శివాలిక్ ఎముక కావాల్సిన పనేముంది? మన కంచె పక్కన తిరిగే దాని వీపు చూస్తే చాలదూ!

ఇప్పుడు తప్పులు. పిల్ల తాబేటి డిప్పలో పక్కపలకకీ అంచుపలకకీ మధ్య ఖాళీలుంటాయి, వయసొస్తే పూడతాయి. సముద్ర తాబేటికి పెద్దయ్యాక కూడా కొన్ని ఖాళీలు మిగులుతాయి. జర్మనీ సోల్న్‌హోఫెన్ రాళ్ళలో పిల్ల తాబేళ్ళు ఎక్కువ, వాటికి పేర్లూ ఎక్కువే, తర్వాత ఆ పేర్లు కలిపేయడానికే ఏళ్ళు పట్టింది. ఖాళీ కనిపిస్తే పలక అంచు చూడండి: పెరుగుతున్న అంచు పలచబడి రేకుల్లా, దువ్వెన పళ్ళలా ముగుస్తుంది. పెద్ద జంతువుదైతే అంచు గుండ్రంగా మూసుకుపోయి ఉంటుంది.

రెండో తప్పు బరువు వల్ల. పై మట్టి బరువుకి గోపురంలా ఉన్న డిప్ప అణిగి చపాతీ అవుతుంది. చదునుగా ఉంది కాబట్టి నీటి తాబేలని రాసేస్తారు. పలకల అతుకుల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కిన గుర్తులు, అంచుపలకలు బయటికి తెరుచుకోవడం చూస్తే అణిగిందని తెలుస్తుంది.

మూడోది తొందరపాటు. బతికున్న తాబేళ్ళలోనే ఒక పెచ్చు ఎక్కువో ఒక వెన్నుపలక తక్కువో ఉన్నవి కనిపిస్తాయి. ఒక్క ముక్క తేడా పట్టుకుని కొత్త జాతి అంటే అవి నిలవవు. ప్రోటెరోకెర్సిస్‌లోనే రోబస్టా, ఇంటర్మీడియా అని రెండుంటే 2016లో ఒకటి చేశారు.

ముక్క చేతికొస్తే చూసే వరస నేనైతే ఇలా పెడతాను. ముందు విరిగిన అంచు: పైనా కిందా గట్టి పొర, నడుమ బన్ను లాంటి గుల్ల ఎముక. తర్వాత తిరగేసి పక్కటెముక గుబ్బ ఉందా. ఏ పలకో తేల్చాలి: అంచుపలక కోతలో ఇంగ్లీషు వి అక్షరంలా ఉంటుంది, వెన్నుపలక ఆరుమూలలది, కింద వెన్నుపూస విరిగిన మచ్చ. తర్వాత పైన గాడి ఉందా, గరుకా, బుడిపెలా. కింది డిప్ప ముక్కైతే నడిమి జతల మధ్య అదనపు జత ఉందా అని. ఆ జత నడుమ దాకా వచ్చి కలిస్తే మాను తాబేళ్ళు, బేనిడ్‌లు. అంచున బిళ్ళలా చిన్నగా ఆగితే బోత్రెమిడిడ్, పోడోక్నెమిడిడ్ వైపు. ఎనిమిదో పక్కపలక లోపలా, కింది డిప్ప చివరి జత లోపలా గరుకు మచ్చ ఉంటే కటి అతికిన గుర్తు. కానీ ప్రోటెరోకెర్సిస్‌ని మరిచిపోకుండా, రాయి వయసు చూసే ప్లూరోడైర్ అనాలి. పుర్రె ఉంటే గిలక. ఈ వరసలో మధ్యలో ఆగిపోతే ఆ మేరకే పేరు పెట్టాలి. కుటుంబం దాకా తెలిస్తే కుటుంబమే రాయాలి.

పేర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. గాఫ్నీ పుస్తకాల్లోని కాసికెలిడియా లాంటి వర్గాలు ఇప్పటివాటితో సరిపోవు. 2021లో జాయిస్ తదితరులు ప్రతి వర్గానికీ ఏ జాతుల ఉమ్మడి పూర్వీకుడి నుంచి లెక్కపెట్టాలో రాసి ఒక పట్టిక ఇచ్చారు. టెస్టుడైన్స్ అంటే బతికున్న వాటి చీలిక నుంచి, టెస్టుడినాటా అంటే పూర్తి డిప్ప వచ్చినప్పటి నుంచి. చదివేటప్పుడు రచన ఏడాది చూసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

మన వైపు వయసు కుదిరే రాళ్ళే లేవా అంటే, సత్యవేడు వైపు ఉన్నాయి. అక్కడి ఇసుకరాయి, గులకరాళ్ళ పొరలు ఎగువ గోండ్వానా అనే రాతి వరసవి, తొలి క్రెటేషియస్ కాలానివి. వాటి వరస మద్రాసు వైపు శ్రీపెరుంబుదూరు పొరలతో కలుస్తుంది, మొక్కల ముద్రలకి పేరున్న చోటు. బావి తవ్వినప్పుడో రోడ్డు కోసినప్పుడో అక్కడ ఎముకలా బరువుగా, గుల్లగా ఉన్న ముక్క కనిపిస్తే కడగొద్దు, ఫెవిక్విక్ పూయొద్దు. అది పట్టేసిందంటే మళ్ళీ ఊడదీయడం కష్టం, అతుకు గీత మూసుకుపోతుంది. ల్యాబుల్లో అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ అనే జిగురు వాడేది, కావాలంటే మళ్ళీ కరిగించి తీసేయొచ్చనే. స్కేలు పెట్టి బయటి వైపు, లోపలి వైపు, విరిగిన అంచు, మూడు ఫోటోలు. ముక్క ఏ పొరలోంచి వచ్చిందో ఆ గోడది ఇంకో ఫోటో. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. జీఎస్ఐకి గానీ దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ విభాగానికి గానీ చెప్పండి. పొర తెలియని ముక్కకి వయసు చెప్పలేరు, వయసు లేకపోతే పైన చెప్పిన కటి మచ్చ కూడా పనికిరాదు.

నేర్చుకోవడానికి చెరువు గట్టున పడున్న తాబేటి డిప్ప కనిపించినా ఇంటికి తేవద్దు. నక్షత్ర తాబేలూ చెరువు మెత్తడిప్పా రెండూ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, చచ్చినదాని డిప్ప దగ్గరున్నా కేసే. అక్కడే కూర్చుని, పుల్లతో తిరగేసి, పక్కటెముక గుబ్బలు అటు ఎనిమిది ఇటు ఎనిమిది వస్తాయేమో లెక్కపెట్టి చూడండి. మెత్తడిప్పదైతే అంచుపలకలు వెనక వైపే ఉంటాయి, ముందు ఉండవు.